ఎండాడలో పాత ఇల్లు కొంటున్నాము: ముందు ఏ సర్వే చేయించాలి?

ప్రశ్న: మర్రిపాలెం నివాసి

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం మర్రిపాలెంలో అద్దెకు ఉంటున్నాము. ఎండాడలో, జాతీయ రహదారికి సముద్రం వైపున, 200 గజాల స్థలంలో 1998లో కట్టిన ఒక ఇల్లు మాకు నచ్చింది. కింద ఒక వాటా, పైన ఒక వాటా, తూర్పు ముఖం, ఎదురుగా 30 అడుగుల రోడ్డు. దస్తావేజులో తూర్పు పడమరలు 45 అడుగులు, ఉత్తర దక్షిణాలు 40 అడుగులు అని ఉంది. ధర మాట్లాడుకున్నాము గాని అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఇచ్చేలోగా సర్వే చేయించాలని ఇంట్లో అందరూ ఒప్పుకుంటున్నారు. అయితే సర్వే అనే మాటకు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెబుతున్నారు.

మా తమ్ముడు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ ఇల్లు కొనేవారు ఆర్‌ఐసీఎస్ అనే వృత్తి సంస్థకు చెందిన సర్వేయరును పెట్టుకుని ఇంటి స్థితి మీద నివేదిక తెప్పించుకుంటారట. అందులో మూడు స్థాయిలు ఉంటాయనీ, ఒకటవ స్థాయి పైపైన చూసి చెప్పేదనీ, రెండవది మామూలు ఇళ్లకు సరిపోతుందనీ, పాతవి, మార్పులు చేర్పులు జరిగినవి అయితే మూడవ స్థాయి చేయిస్తారనీ చెప్పి, "అన్నయ్యా, నువ్వు మూడవ స్థాయిదే చేయించు" అని పట్టుబడుతున్నాడు. మా నాన్నగారి దృష్టిలో సర్వే అంటే మండల సర్వేయరు వచ్చి హద్దు రాళ్లు చూపించడమే. ఇంటి గోడలను చూసే సర్వే ఒకటుందని ఆయన నమ్మడం లేదు. మధ్యవర్తి మాత్రం, "బ్యాంకు తరఫున ఇంజనీరు వచ్చి చూస్తాడు కదండీ, మళ్లీ మీకెందుకు ఖర్చు" అంటున్నాడు.

పోయిన ఆదివారం నేనూ, మా బావమరిదీ వెళ్లి టేపుతో కొలిచాము. గోడ నుండి గోడకు సరిగ్గా 45, సరిగ్గా 40. అంటే 1800 చదరపు అడుగులు, 200 గజాలు. అంగుళం కూడా తేడా రాలేదు. కాబట్టి హద్దుల సర్వే మానేసి, ఆ డబ్బు ఇంటి పటుత్వం పరీక్షకు పెట్టడం మంచిదని నా ఆలోచన. అనుభవం ఉన్నవారు తప్పొప్పులు చెప్పగలరు.

సమాధానం: గొలుసు మాస్టారు

నేను సర్వే శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ నాన్నగారి పక్షాన మాట్లాడుతున్నానని అనుకోకండి గాని, మీ టేపు మీకు చెప్పినది ఆ రెండు గోడల మధ్య ఎంత దూరం ఉందన్నది మాత్రమే. ఆ గోడలు ఉండవలసిన చోటే ఉన్నాయా అన్నది టేపుకు తెలియదు, ఎందుకంటే మీరు కొలత మొదలుపెట్టిన చోటే తప్పు కావచ్చు.

నేను చూసిన ఒక వరుస సంగతి చెబుతాను. పన్నెండు ప్లాట్ల వరుసలో మొదటి ఇంటాయన మూల రాయి దొరకక, కరెంటు స్తంభాన్ని ఆధారంగా పెట్టుకుని, మూడడుగులు దక్షిణానికి జరిగి గోడ కట్టాడు. రెండో ఆయన మొదటాయన గోడ నుండి కొలుచుకున్నాడు, మూడో ఆయన రెండో ఆయన గోడ నుండి. ప్రతి ఒక్కరికీ టేపు సరిగ్గానే చూపించింది. పన్నెండో ప్లాటు కొన్నాయన ఇల్లు మొదలుపెట్టినప్పుడు గాని సంగతి బయటపడలేదు. అప్పటికి ఆయన స్థలంలో మూడడుగులు ఎవరి దగ్గర ఉన్నాయని అడగడానికి ఎవరూ తేలలేదు, ఎవరిని అడిగినా తమ కొలత తమకు సరిపోయిందని చూపించారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వ సర్వేయరు దగ్గర ఉండేది ఎఫ్‌ఎంబీ, అంటే క్షేత్రాల కొలతల పుస్తకం. అందులో ఒక్కొక్క సర్వే నంబరుకు ఒక్కొక్క పటం ఉంటుంది. పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టిన గీతలు, వాటి నుండి వంపులకు తీసిన అడ్డకొలతలు ఉంటాయి. పాత పటాలలో కొలతలు లింకులలో ఉంటాయి: 66 అడుగుల గొలుసుకు 100 లింకులు, లింకుకు 7.92 అంగుళాలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆ పటంలో మీ ప్లాటు కనబడదు. నాలుగెకరాల సర్వే నంబరులో ఎవరో లేఅవుట్ వేసి ముక్కలు చేస్తే, ఆ ముక్కలు ఎఫ్‌ఎంబీలోకి వాటంతట అవి ఎక్కవు. కాబట్టి మీసేవలో ఎఫ్ లైన్ దరఖాస్తు, అంటే హద్దులు కొలిచి చూపమని కోరే దరఖాస్తు, పెడితే సర్వేయరు చూపించేది ఆ సర్వే నంబరు, లేదా దాని సబ్‌డివిజన్, వెలుపలి హద్దు. అక్కడి నుండి లేఅవుట్ ప్లాను పట్టుకుని, రోడ్ల వెడల్పులు, ముందున్న ప్లాట్ల కొలతలు వదులుకుంటూ వచ్చి మీ ప్లాటు నాలుగు మూలలు పెట్టాలి. ఈ రెండవ పనిని చాలామంది చేయించరు. మొదటి దానితోనే "సర్వే అయిపోయింది" అనుకుంటారు.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. మీరు ఇ.సి. (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్టుల పత్రం) తీసేటప్పుడూ, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితా, అంటే రిజిస్టరు చేయకూడని భూముల జాబితా, చూసేటప్పుడూ, దస్తావేజులో రాసిన సర్వే నంబరునే వెతుకుతారు. నేల మీద ఇల్లు పక్క నంబరులో కూర్చుని ఉంటే మీరు చూసిన కాగితాలన్నీ వేరే స్థలానివి అవుతాయి. మన విశాఖ చుట్టుపక్కల ఇది కాస్త ఎక్కువ, ఎందుకంటే పట్టా భూమి పక్కనే కొండ వాలు, గెడ్డ పోరంబోకు (వాగు పారే ప్రభుత్వ భూమి), డి పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూమి) ఉంటాయి. గెడ్డ ఎండిపోయి ఇరవై ఏళ్లయితే జనం దాన్ని స్థలమే అనుకుంటారు గాని రికార్డులో అది గెడ్డగానే ఉంటుంది. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల సమస్య, అంటే అయిదు గ్రామాల భూముల మీద హక్కు తగాదా, అందరికీ తెలిసినదే; అడవివరం, వేపగుంట వైపు కొనేవారు సర్వే నంబరు విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. మీరు కొంటున్నది ఎండాడ కాబట్టి దాని జోలికి ఇక్కడ వెళ్లను.

చేయవలసినది ఏమిటంటే, దరఖాస్తు అమ్మేవారి చేత పెట్టించండి. మీకు ఇంకా హక్కు రాలేదు గనుక మీ పేరుతో అది నడవదు. పక్కవారికి నోటీసులు వెళ్తాయి, వారి ఎదుట కొలుస్తారు. ప్రైవేటు సర్వేయరు టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం తెచ్చి ఒక పూటలో కొలిచి ఇవ్వగలడు, చాలాసార్లు అతని పటం చక్కగానూ ఉంటుంది. అయితే పక్కవారికి నోటీసు లేని కొలతను రేపు తగాదా వస్తే వారు ఒప్పుకోవలసిన పని లేదు. నా సలహా అయితే రెండూ చేయించమని: ముందు ప్రైవేటుగా కొలిపించి తేడా ఉందో లేదో తెలుసుకోండి, ఆ తరువాత ప్రభుత్వ కొలతకు వెళ్లండి. పాత గ్రామ పంచాయతీ లేఅవుట్ అయితే ప్లాను నకలు దొరకడమే కష్టం కావచ్చు. దొరకకపోతే అదే వరుసలోని పక్క ప్లాట్ల దస్తావేజులు నాలుగైదు సంపాదించి వాటి షెడ్యూళ్లు (హద్దులు, కొలతలు రాసిన భాగాలు) ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. ఒకరి ఉత్తరపు హద్దు ఇంకొకరి దక్షిణపు హద్దుతో కలవాలి.

చివరగా, విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. 200 గజాలు అని రాసుకున్నంత మాత్రాన 200 గజాలు మీవి కావు.

సమాధానం: ఉప్పుగాలి ఇంజనీరు

మాస్టారు గారు చెప్పినదానితో నాకు తగాదా లేదు. అయితే మర్రిపాలెం నివాసి గారు తమ్ముడి మాట కొట్టిపారేయకూడదు. మన దేశంలో ఇళ్ల స్థితి నివేదికలకు అలాంటి స్థాయిల పద్ధతి వాడుకలో లేదు; స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, ఏం చూడాలో మీరే అడగాలి. అందుకే ఏం అడగాలో తెలిసి ఉండడం అవసరం.

మీ ఇల్లు 1998 నాటిది. కాంక్రీటుకు ఇప్పుడు మనం అనుసరించే ఐఎస్ 456 కోడ్ 2000లో వచ్చింది. అంతకుముందున్న 1978 కోడ్ ఇనుము వేసిన కాంక్రీటుకు ఎం15 గ్రేడును కూడా ఒప్పుకునేది (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ). 2000 కోడ్ కనీసం ఎం20 అన్నది, సముద్రతీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటు అయితే ఎం30 గ్రేడు, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, కావాలన్నది. మీ ఇంటిని కట్టిన మేస్త్రీ ఆ రోజుల్లో అందరిలాగే శ్లాబుకు అర అంగుళం, ముప్పావు అంగుళం కవరు వదిలి ఉంటాడు. అది అతని తప్పని అనను. కాని సముద్రపు ఉప్పు గాలికి ఆ కవరు చాలదు. ఉప్పు లోపలికి దిగి చువ్వకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది గనుక లోపలి నుండి కాంక్రీటును నెట్టి పెచ్చులూడగొడుతుంది. పైకి పెచ్చు కనబడేసరికి లోపల పని చాలా దూరం వెళ్లి ఉంటుంది.

చూడవలసిన చోట్లు: సన్‌షేడ్ల అడుగు భాగం, బాల్కనీ శ్లాబు అంచు, మెట్ల కింద, స్నానాల గదుల పైకప్పు, మేడ మీది నీళ్ల ట్యాంకును మోసే స్తంభాలు. ఈ ట్యాంకు స్తంభాలను ఎవరూ చూడరు, నాకు మాత్రం అక్కడే మొదలుపెట్టడం అలవాటు. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్తే గుల్లగా ఉన్నచోట శబ్దం మారుతుంది. కొత్తగా పుట్టీ పెట్టి రంగు వేసిన గోడ, ఈమధ్యనే వేసిన ఫాల్స్ సీలింగ్ కనబడితే అమ్మేవారిని మర్యాదగానే అడిగి ఒకచోట తీయించి చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ఊళ్లో ఎన్నో సన్‌షేడ్లు, పిట్టగోడలు దెబ్బతిన్నాయి; ఆ తరువాత ఏం మరమ్మతు చేయించారో అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి.

పరీక్షల విషయానికి వస్తే, రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటును కొట్టి వెనక్కి ఎగిరే తీరును కొలిచే సుత్తి) పరీక్ష ఒక్కటే చేసి బలం ఇంత అని రాసిచ్చే నివేదికను నేను నమ్మను. అది పైపొర గట్టితనాన్ని కొలుస్తుంది; దాని నుండి లెక్కగట్టిన బలంలో 25 శాతం వరకు అటూ ఇటూ ఉండవచ్చు, పైగా గాలికి పాతబడిన పైపొర గట్టిపడి అంకెను పెంచి చూపిస్తుంది. దానితోపాటు చిన్న గుంట చేసి ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లాలి: కాంక్రీటులో క్షారగుణం మిగిలి ఉంటే గులాబీ రంగు వస్తుంది, పోయినచోట రంగు రాదు. రంగు రాని లోతు చువ్వ దాకా వెళ్లిందంటే చువ్వకు కాపుదల పోయిందన్నమాట. మీది తీరం కాబట్టి చువ్వల విద్యుత్ పీడనాన్ని కొలిచి తుప్పును అంచనా వేసే హాఫ్ సెల్ పరీక్ష కూడా అడగండి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో కొలిచినప్పుడు రుణ దిశలో 350 మిల్లీవోల్టులు దాటితే అక్కడ తుప్పు నడుస్తూ ఉండడానికి 90 శాతానికి మించిన అవకాశం ఉన్నట్టు లెక్క.

గోడల బీటల్లో అడ్డంగా, నిలువుగా వెళ్లేవి ఎక్కువగా ప్లాస్టరువో, ఇటుకకూ కాంక్రీటుకూ మధ్య అతుకువో అయి ఉంటాయి. కిటికీ మూల నుండి ఏటవాలుగా బయలుదేరి, ఒకచోట వెడల్పుగా ఒకచోట సన్నగా ఉండే బీట మాత్రం పునాది కుంగడాన్ని సూచించవచ్చు. కొండ వాలును తవ్వి ఆ మట్టితో పల్లం పూడ్చి చదును చేసిన లేఅవుట్లు ఆ ప్రాంతంలో ఉన్నాయి. ఇల్లు తవ్విన వైపు ఉందా, పూడ్చిన వైపు ఉందా అని పాతవారిని అడగండి.

సమాధానం: సీతమ్మధార నివాసి

బ్యాంకు ఇంజనీరు సంగతి ఎవరూ మాట్లాడలేదు గనుక చెబుతున్నాను. నేను ఆరేళ్ల క్రితం పాత ఫ్లాటు కొన్నప్పుడు, ఆ మధ్యవర్తి మాటే నాకూ ఎవరో చెప్పారు, నేనూ నమ్మాను. బ్యాంకు తరఫున విలువ కట్టే వాల్యుయేటరు వచ్చి పదిహేను నిమిషాలు ఉన్నాడు, నాలుగు ఫొటోలు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. తొలి వర్షాకాలంలో వంటగది పైకప్పు కారినప్పుడు ఆ నివేదిక తీసి చదివితే, "భవనం స్థితి: బాగుంది" అన్న రెండు మాటలు కనిపించాయి. తరువాత ఆలోచిస్తే ఆయన తప్పు కూడా పెద్దగా లేదనిపించింది. 30 లక్షల లోపు అప్పుకు ఆస్తి విలువలో 90 శాతం, 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం దాటకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ శాతం లెక్కకట్టడానికి బ్యాంకుకు ఒక విలువ కావాలి, ఆయన ఆ విలువ చెప్పడానికి వచ్చాడు. అప్పు తీరకపోతే అమ్మి రాబట్టుకోవచ్చా లేదా అన్నదే బ్యాంకు చూసుకుంటుంది, నా వంటగది కారుతుందా లేదా అన్నది కాదు. పరీక్ష రుసుము మనమే కడతాము గనుక అది మన కోసం జరిగిందనుకుంటాము, అంతే.

ఇంజనీరు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. ఇన్ని పరీక్షలు అడిగితే చాలామంది అమ్మేవారు ఇంకొక బేరం చూసుకుంటారు. గోడకు గుంట పెడతామంటే ఎవరు ఒప్పుకుంటారండీ?

సమాధానం: ఉప్పుగాలి ఇంజనీరు

ఆ ఇబ్బంది నిజమే. అందుకే రెండు విడతలుగా చేస్తే మంచిది. మొదట కంటితో చూసి, సుత్తితో తట్టి చూసే పరిశీలన. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. అందులో అనుమానం వచ్చిన రెండు మూడు చోట్లకే గుంట పెట్టే పరీక్షలు అడగండి, పూడ్చి రంగు వేయించే ఖర్చు మీరే భరిస్తామనండి. అప్పటికీ వద్దంటే, ఆ వద్దనడాన్ని కూడా ఒక ఫలితంగానే తీసుకోవాలి.

సమాధానం: మర్రిపాలెం నివాసి

నెలన్నర తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. అడ్వాన్సు ఇవ్వకుండానే, అమ్మేవారితో మాట్లాడి రెండు సర్వేలకూ ఒప్పించాము. ఆయన పెద్దమనిషి, మొదట కాస్త చిన్నబుచ్చుకున్నా దరఖాస్తు మీద సంతకం పెట్టారు.

ప్రైవేటు సర్వేయరు కొలతలో ఉత్తర దక్షిణాలు సరిపోయాయి. తూర్పు పడమరలు గోడల మధ్య 45 అడుగులు ఉన్న మాట నిజమే గాని, ప్లాటు మొత్తం రెండడుగులు తూర్పుకు జరిగి ఉంది: ముందు గోడ రోడ్డులోకి రెండడుగులు వచ్చింది, వెనుక పడమటివారి గోడ మన ప్లాటులోకి రెండడుగులు వచ్చింది. మా టేపు రోడ్డు జాగాను కూడా కలుపుకుని 45 చూపించింది. ప్రభుత్వ సర్వేయరు సర్వే నంబరు హద్దు చూపించాక, అక్కడి నుండి లేఅవుట్ ప్లాను ప్రకారం కొలిచినా అదే తేలింది. అదృష్టవశాత్తు ఇల్లు దస్తావేజులోని సర్వే నంబరులోనే ఉంది. వెనుకవారి గోడ పాతికేళ్ల నాటిది. దాన్ని కదిలించే ఉద్దేశం మాకు లేదు. రోడ్డు మీదికి వచ్చిన రెండడుగులు ఎప్పటికైనా జీవీఎంసీ (నగర పాలక సంస్థ) అడిగితే వదులుకోవలసినదే. కాబట్టి 43 అడుగులు, 40 అడుగులు, అంటే 191 గజాలకే ధర కడతామన్నాము. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు.

ఇంటి విషయంలో శ్లాబులు బాగానే ఉన్నాయి. ఇంజనీరు గారు చెప్పినట్టు ట్యాంకు స్తంభాలు రెండింట్లో చువ్వలను తుప్పు సగం తినేసింది, తూర్పు వైపు సన్‌షేడ్లు మూడు గుల్లబారాయి. ట్యాంకు తీసేసి ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకోమన్నారు.

మాస్టారు గారూ, ఒక్క సందేహం మిగిలింది. దస్తావేజు షెడ్యూలులో 200 గజాలు రాయాలా, 191 రాయాలా? దస్తావేజు రాసే ఆయన, పాత లింకు దస్తావేజులో (ఇంతకుముందు ఆస్తి చేతులు మారినప్పటి దస్తావేజులో) ఉన్నట్టే రాయకపోతే పొత్తు కుదరదంటున్నారు.

సమాధానం: గొలుసు మాస్టారు

పాత దస్తావేజు నంబరు, సంవత్సరం ఉదహరించి, అందులో 200 గజాలుగా ఉన్న ఈ స్థలం ప్రస్తుత కొలత ప్రకారం 191 గజాలుగా తేలినందున ఆ మేరకే విక్రయిస్తున్నట్టు ఒక వాక్యం రాయించండి, లింకు తెగదు. షెడ్యూలులో నాలుగు వైపుల కొలతలు విడివిడిగా, అడుగులలోనూ మీటర్లలోనూ వేయించండి, పడమటి హద్దుగా "ఫలానావారి ప్రహరీ గోడ" అని స్పష్టంగా రాయించండి. తూర్పు హద్దును గోడ అని రాయించకండి, రోడ్డు అనే రాయించండి, ఆ రోడ్డు వెడల్పు లేఅవుట్ ప్రకారం 30 అడుగులని కూడా చేర్చండి. సర్వేయరు పటం మీద ఇద్దరి సంతకాలు పెట్టి దస్తావేజుకు జతచేయండి. రాతపని పూర్తయ్యాక ముసాయిదాను రిజిస్ట్రేషనుకు ముందు రోజే మీ న్యాయవాది చేత ఒకసారి చదివించండి, కార్యాలయంలో వరుస పిలిచినప్పుడు చదువుకునే తీరిక ఉండదు.